తుపాకికి రాసిన ప్రార్థన నూనె

విధవరాలి ఇంటి కుండలో నూనె తరగకుండా నిలిపిన దేవునికి స్తోత్రం. గొర్రెలు మేపే చిన్నవాడి తల మీద తైలం పోయించి రాజుగా నిలబెట్టిన దేవునికి స్తోత్రం. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాడి గాయాల మీద నూనె పోసే మనసు ఒక పరదేశికి ఇచ్చిన దేవునికి స్తోత్రం. సముద్రానికి హద్దు గీసి, ఆ హద్దు దాటి ఉప్పుగాలిని మాత్రం మా ఇళ్ళలోకి రానిచ్చిన ఆయన జ్ఞానానికి కూడా స్తోత్రం. ఆ గాలి ఎందుకో నాకు అర్థం కాదు. అయినా స్తోత్రమే. నేను రాయబోయేది చిన్న సంగతి, నూనెల సంగతి. తలవెంట్రుకలు లెక్కపెట్టేవాడికి చిన్న సంగతంటూ ఉండదని నమ్మి మొదలుపెడుతున్నాను.

ఇందుకూరుపేట మండలంలో ఒక బ్యాంకు బ్రాంచిలో నేను గన్‌మేన్‌ని. మిలిటరీ నుంచి వచ్చాక ఈ పనిలో కుదిరాను. తుపాకి నా సొంతం, రెండు గొట్టాలది. లైసెన్సు నా పేరు మీదే ఉంది. మాలాంటివాళ్ళను మనిషిని చూసి పెట్టుకోరు. తుపాకిని పెట్టుకుంటారు, దానితోపాటు మనిషి వస్తాడు. అది బాగుంటే బ్యాంకు తలుపు పక్కన స్టూలు నాది. అది మొరాయిస్తే ఆ స్టూలు ఇంకొకరిది.

ఆ స్టూలు గురించి చెప్పాలి. జీతం మాట కాదు, నాకు పింఛను వస్తుంది, ఒక్క కడుపుకి చాలు. ఆ స్టూలు మీద కూర్చుంటే మనుషులు నన్ను పిలుస్తారు. రొయ్యల గుంటల వాళ్ళు వచ్చి "అన్నా, మేనేజరు ఉండాడా, బయటికి పోయినాడా?" అంటారు. ముసలమ్మలు "అబ్బయా, ఈ కాయితంలో నా పేరు యాడుండాదో చూడు" అంటారు. ఒకాయన ప్రతి సోమవారం లోపలికి వచ్చేటప్పుడు "ఏంది సామీ, ఈ వారమన్నా ఎవరినైనా కాల్చినావా లేదా?" అని అడుగుతాడు. "నువ్వు బాకీ కట్టకపోతే నీతోనే మొదలుపెడతా" అంటాను. ఇద్దరం నవ్వుతాం. సాయంత్రం షట్టరు దిగాక నేను మైపాడు రోడ్డు పక్క సందులో ఉన్న నా గదికి పోతాను. తలుపు తీసేది నేనే, వేసుకునేది నేనే. నా భార్య ప్రభువునందు నిద్రించింది. మాకు పిల్లలు లేరు. మరుసటి ఉదయం బ్యాంకు తెరిచేదాకా నా గొంతు నాకే వినపడదు, ప్రార్థన చేసుకున్నప్పుడు తప్ప.

అందుకే నాకు తుపాకి నూనె చిన్న విషయం కాదు.

సముద్రం మా గదికి కనపడనంత దూరంలో ఉంది కానీ గాలికి ఆ దూరం లెక్కలేదు. కిటికీ ఊచలు రంగు వేసిన ఏడాదే పొలుసులు రాలుతాయి. సైకిలు చైను, తాళం కప్ప, పొయ్యి గొట్టం, ఏది చూసినా ఎర్రగా పొడి. ఇట్లాంటి చోట ఇనప వస్తువును బతికించుకోవాలంటే దేనికి ఏ నూనె అన్నది తెలియాలి. మిలిటరీలో అయితే ఇచ్చింది రాసేవాళ్ళం, ఎంచుకునే పని లేదు. ఇక్కడికి వచ్చాక నెల్లూరు అంగళ్ళలో దొరికినవన్నీ తెచ్చి చూశాను. కిరసనాయిలు మురికిని బాగా కరిగిస్తుంది కానీ ఆరిపోయాక ఇనుము మీద ఏమీ మిగలదు. కడిగి వదిలేస్తే రెండో రోజుకే మచ్చ కనిపిస్తుంది. ఇప్పుడు అసలు దొరకడమే లేదు. బండిలోంచి తీసిన పాత ఇంజన్ నూనె కొందరు పూస్తారు, నల్లగా మెరుస్తుంది కూడా. అందులో మసి, పులుపు రెండూ ఉంటాయి, ఇనుమును లోపల్నుంచి తింటుంది. తుప్పు వదిలించే స్ప్రే తడిని తరిమేస్తుంది, తర్వాత అదీ ఎగిరిపోతుంది. ఆముదం బంకలా పట్టుకుంటుంది, చెత్తనంతా పిలుస్తుంది. చివరికి నాకు కుదిరింది ఇది: కదిలే చిన్న భాగాలకు కుట్టుమిషను నూనె, అదీ గుండుసూది మొనతో చుక్క చుక్కగా. గొట్టాల లోపలా బయటా తుపాకి నూనె, గుడ్డకు అద్ది పలచగా. గొట్టం మడిచే బిజాగిరి దగ్గర బియ్యపు గింజంత గ్రీజు. చెక్కకు అవిసె నూనె. తూటాలకు ఏదీ వద్దు. నూనె చేతితో తూటా ముట్టుకోవడం కూడా తప్పే, అది లోపలికి ఊరితే మందు చచ్చిపోతుంది.

పాత నిబంధనలో ఒక రాజు యుద్ధంలో పడిపోయినప్పుడు పాడిన విలాపం ఉంది. అందులో ఆ రాజు డాలు తైలం పూయకుండా కొండ మీద పడి ఉందని ఏడుస్తారు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ మాట నాకు అర్థం కాలేదు. రాజు చచ్చిపోతే డాలుకు నూనె లేదని ఏడవడం ఏమిటి అనుకునేవాణ్ణి. ఇప్పుడు అర్థమవుతుంది. నూనె రాసే చెయ్యి లేకుండా పోయిందని ఆ ఏడుపు.

నా భార్య ఉన్నప్పుడు శనివారం సాయంత్రాలు తుపాకి శుభ్రం చేసేవాళ్ళం. గొట్టాలు విడదీసి ఆమె ఒక కొస గట్టిగా పట్టుకునేది. నేను తాడుకు గుడ్డ కట్టి ఆ కొస నుంచి ఈ కొసకు లాగేవాణ్ణి. గుడ్డ ఆమె పాత నూలు చీరలదే. "ఏందయా, నా పెళ్ళినాటి చీర కూడా దీని కడుపులోకే పోతాంది" అనేది. "దాని అదృష్టం" అనేవాణ్ణి. "మరి నా అదృష్టం?" అనేది. అంతా అయ్యాక ప్రార్థన నూనె తెచ్చి చెక్క మీద ఒక చుక్క రాసేది, ఈ తుపాకి ఎవరి ప్రాణమూ తీయకూడదని. ఇనుముకు రాయవద్దని నేను ఒకసారి చెప్పాను, అంతే, ఆ తర్వాత ఎప్పుడూ చెక్కకే.

ప్రార్థన నూనె అంటే మా సంఘంలో అందరికీ తెలుసు. ఉపవాస కూడికనాడు ఎవరి కొబ్బరినూనె సీసా వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. పాస్టరుగారు చేతులు చాపి ప్రార్థిస్తారు. మా సంఘంలో సగానికి పైగా చేపలు పట్టే కుటుంబాలు. వాళ్ళు ఆ నూనెను బిడ్డకు జ్వరమొస్తే నుదుటికి రాస్తారు, కొత్త వల కొంటే వల కొసకు రాస్తారు, బోటు ఇంజన్ మార్పిస్తే దాని మీద రాస్తారు. నా భార్య మంచం పట్టినప్పుడు సంఘ పెద్దలు వచ్చి ఆ నూనెతోనే ఆమె నుదురు తడిపారు. ఆమె లేవలేదు. నేను దేవుని చిత్తాన్ని ప్రశ్నించలేదు, ప్రశ్నించను. కానీ ఆమె సీసా అలమరలో అట్లాగే ఉండిపోయింది, సగం నిండి.

ఆమె పోయాక గొట్టాలను కిటికీ ఊచకు తువ్వాలుతో కట్టి లాగడం నేర్చుకున్నాను. ఊచ గట్టిగానే పట్టుకుంటుంది. మాట్లాడదు, అంతే.

ఆదివారం ఆరాధనకు పోతే వందనాలు చెప్పేవాళ్ళు ఉన్నారు. అయితే మగవాళ్ళ వైపు చాప మీద నా పక్కన ఎప్పుడూ కాస్త ఖాళీ ఉంటుంది. విశ్వాసి తుపాకి పట్టుకోవచ్చా అన్న మాట వెనకాల నడుస్తూ ఉంటుందని నాకు తెలుసు. ఒక పెద్దాయన ముఖం మీదే అన్నాడు: "కత్తి పట్టినోడు కత్తితోనే పోతాడని వాక్యం కదన్నా, తుపాకి పట్టినోడి మాటేంది?" నేను "పట్టణపు కావలివాడి గురించి కూడా వాక్యముంది పెద్దాయనా, దేవుడు కాపాడకపోతే వాడు మేలుకోవడం వ్యర్థమని. అందుకే నేను ప్రార్థన చేసుకుని పోతా" అన్నాను. ఆయన నవ్వాడు. పక్కన ఖాళీ అట్లాగే ఉంది.

ఇట్లా ఉండగా ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్‌లో అప్పగించాలి, ఫలితాలు వచ్చాక తిరిగి ఇస్తారు. బ్యాంకు కాపలా వాళ్ళకు మినహాయింపు ఉంటుంది, అడగాలి. ఈసారి మా బ్రాంచి అడిగింది కానీ జవాబు సమయానికి రాలేదు. మేనేజరు నన్ను లోపలికి పిలిచాడు. మంచి కుర్రాడు, కూర్చోమన్నాడు.

"తుపాకి లేకుండా మిమ్మల్ని గన్‌మేన్ కింద చూపించలేనండీ. అది వచ్చేదాకా సెక్యూరిటీ ఏజెన్సీ నుంచి మామూలు గార్డును వేస్తున్నారు. తిరిగి వచ్చాక తుపాకులు పరీక్షించే ఆర్మరర్ దగ్గర చూపించి, బాగా పనిచేస్తోందని సర్టిఫికెట్ తెచ్చుకోండి. వెంటనే మీ స్టూలు మీకు."

"పనిచెయ్యకపోతే?"

"ఏజెన్సీవాళ్ళు ఆ గార్డునే ఉంచేద్దాం అంటున్నారండీ. సర్టిఫికెట్ ఉంటే నేను మాట్లాడగలను."

అంటే స్టేషన్ గదిలో వేసవి అంతా పడి ఉండే తుపాకి చెక్కుచెదరకుండా తిరిగి రావాలి. చేతిలో ఉన్న తుపాకికి రాసే నూనె వేరు, ఎవరూ ముట్టుకోకుండా నెలల తరబడి గోడకు ఆనించి ఉంచే తుపాకికి రాసేది వేరు. పలచటి నూనె కిందికి జారి చెక్కలోకి దిగుతుంది, పైన ఇనుము బోడిగా మిగులుతుంది. దానికి గ్రీజే కావాలి. మా సంఘంలోనే బోటు ఇంజన్లు బాగుచేసే తమ్ముడు ఒకడున్నాడు, అతని షెడ్డుకు పోయాను.

"ఇదిగోన్నా ఎర్ర గ్రీజు. బోటు పంకా ఇరుసుకు పెడతాం. నీళ్ళలో ఎన్నాళ్ళు నానినా కడుక్కుపోదు."

"నా తుపాకి చేపలకు పోదు రా, స్టేషన్లో గదిలో ఉంటాది."

"ఆ గది కంటే సముద్రమే మేలన్నా. మా బావమరిది బండి ఒక వానాకాలం ఆడ ఉండి వచ్చింది. చైను చేత్తో విరిస్తే కరకరలాడింది, జంతిక మాదిరి."

డబ్బాలోంచి ఆకులో వేసి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ఆ సాయంత్రం గొట్టాల లోపలా బయటా ఆ గ్రీజు మందంగా పూసి, నూనె కాగితం చుట్టి పెట్టాను. లోపలి యంత్రానికి మాత్రం కుట్టుమిషను నూనె చుక్కలే. అక్కడ గ్రీజు పెడితే తూటాను కొట్టే పిన్ను బరువెక్కి దెబ్బ మెత్తబడుతుంది.

అప్పగించడానికి ఆఖరి రోజుకు ముందు సాయంత్రం మా ఇంట్లో కూడిక పెట్టారు. నా భార్య నిద్రించి ఏడాది అయిందని జ్ఞాపకార్థ కూడిక. పెట్టింది మా సంఘంలో ఎండుచేపలు అమ్మే అక్క. వయసులో నాకంటే చిన్నదే, అయినా అందరికీ అక్కే. బోటు మెకానిక్ ఆమె తమ్ముడే. ఆమె గొంతు ఎత్తి పాడితే మైకు అవసరం ఉండదు. అప్పుడు వేట నిషేధం నడుస్తోంది, బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి, అమ్మడానికి చేప లేదు, కాబట్టి ఆడవాళ్ళందరూ వచ్చారు. ఏడాది తర్వాత నా గదిలో మనుషుల అలికిడి. పాటలు పాడారు, నా భార్య చేసిన పులుసు గురించి సాక్ష్యం చెప్పారు, ఒకామె ఏడ్చింది. నేను టీ గ్లాసులు అందిస్తూ తిరిగాను. గ్లాసులు చాలకపోవడం నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ప్రార్థన అయ్యాక అక్క అలమరలో ఉన్న సీసా అడిగి తీసుకుంది. గడపకు రాసింది, మంచం కోళ్ళకు రాసింది, కిటికీకి రాసింది. ఆఖరుకు నా తుపాకి పెట్టె ముందు నిలబడింది.

"అన్నా, ఇది కూడా తెరువు. రేపు పోలీసోళ్ళ కాడికి పోతాందంట కదా, దీనికీ రాస్తాం."

"అక్కా, దానికి గ్రీజు పూసి కట్టేసినా."

"గ్రీజు మనుషులు పూసేది. ఇది వేరే. మా వదిన రాసేది కాదా ఏంది?"

అందరూ చూస్తున్నారు. నేను పెట్టె తెరిచి, నూనె కాగితం విప్పి, తూటాలు లేవని అలవాటుగా ఒకసారి చూసి, తుపాకిని మడిచి పట్టుకున్నాను. ఒక చుక్క రాయమని చెక్క చూపిద్దామనుకున్నాను. అక్క కళ్ళు మూసుకుని ప్రార్థిస్తూ సీసా వంచేసింది. వదినకు ఇష్టమైనది కాబట్టి చెయ్యి ధారాళంగా వంగింది. నూనె గొట్టాల వెనక ఇనప ముఖం మీద పడి, పిన్నులు బయటికి వచ్చే రెండు సన్నటి బెజ్జాల్లోకి దిగిపోయింది.

వాళ్ళు వెళ్ళాక కనపడినంత మేరా తుడిచాను. లోపలికి దిగింది తీయాలంటే అడుగు రేకు విప్పాలి, స్ప్రింగులు తీయాలి, అది ఒక పూట పని. పొద్దున్నే అప్పగించాలి. ఒక వేసవికి ఏమీ కాదులే అనుకుని నూనె కాగితం మళ్ళీ చుట్టాను.

తుపాకి లేని ఆ వేసవి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున లేచేవాణ్ణి, వాక్యం చదువుకునేవాణ్ణి, గడ్డం గీసుకునేవాణ్ణి, బ్యాంకుకు పోయేవాడిలాగే ఇస్త్రీ చొక్కా వేసుకునేవాణ్ణి. ఆ తర్వాత పని ఉండేది కాదు. ఒకసారి బ్యాంకు ముందు నుంచి నడిచాను. నా స్టూలు మీద ఏజెన్సీ గార్డు ఫోను చూసుకుంటూ ఉన్నాడు. సోమవారం మనిషి అప్పుడే లోపలికి పోతూ అతన్ని చూసి ఏమీ అనలేదు, తలుపు తోసుకుని పోయాడు. నాకు అన్యాయమైన సంతోషం కలిగింది, వెంటనే క్షమాపణ అడుక్కున్నాను. మరో రోజు బస్సెక్కి మైపాడు పోయి ఇసుకలో కూర్చున్నాను. నిషేధంలో ఉన్న బోట్లు వరసగా పడుకుని ఉన్నాయి, రంగులు వేయించుకుంటూ. వాటికైనా గడువు ఉందనిపించింది. పగలంతా ఒక్కరితో కూడా మాట్లాడలేదని ఇంటికి వచ్చి అన్నం వండుకునేటప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు గట్టిగా కీర్తన పాడాను. పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచారు.

ఫలితాలు వచ్చాక తుపాకి ఇచ్చారు. నూనె కాగితం విప్పితే గొట్టాల మీద ఒక్క మచ్చ లేదు. ఎర్ర గ్రీజు ఎట్లా పూశానో అట్లాగే ఉంది. దాన్నంతా తుడిచి, గొట్టం మూతి దగ్గర కన్ను పెట్టి చూస్తే లోపల అద్దం. స్తోత్రం చెప్పుకుంటూ నెల్లూరు బస్సెక్కాను.

ఆర్మరర్ తుపాకులు చూడడంలో తల పండినవాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, గొట్టాలు వెలుగుకు పెట్టి చూశాడు. "బాగా పెట్టుకున్నావు సామీ" అన్నాడు. ఆ తర్వాత మందు లేని ఉత్తుత్తి తూటాలు వేసి ట్రిగ్గర్ నొక్కాడు. కుడివైపు టక్కుమంది. ఎడమవైపు మెత్తగా, గుడ్డలో కొట్టినట్టు శబ్దం వచ్చింది. మళ్ళీ నొక్కాడు, అదే. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏంది సామీ, దీంట్లో వడలు కాల్చినావా? మాడిన కొబ్బరినూనె కంపు కొడతాంది."

ఆయన తుపాకి మడిచి, ఎడమ పిన్ను బెజ్జాన్ని గోటితో గీకాడు.

"పిన్ను జిగురు పట్టేసింది. నేను ఇప్పుడు పాసని రాస్తే అవసరానికి అది పేలదు, నువ్వు పోతావు. వారంలోపల కడిగి తీసుకురా. లేదంటే పనికిరాదనే రాయాల్సి వస్తాది."

ఆదివారం ఆరాధన అయ్యాక అక్కే వచ్చి అడిగింది. "అన్నా, తుపాకి చల్లగా తిరిగొచ్చిందంట కదా! చూసినావా, నూనె మహిమ!" చుట్టూ ఆడవాళ్ళున్నారు. అబద్ధం చెప్పడం నా వల్ల కాదు.

"గొట్టాలు బాగుండాయక్కా. లోపలికి పోయిన కొబ్బరినూనె మాత్రం జిగురైపోయింది. పిన్ను కొట్టడం లేదు. కడగాల."

"కడగాలా? దేంతో?"

"పెట్రోలుతో."

అక్క ముఖం మారిపోయింది. "ప్రార్థన చేసిన నూనెను పెట్రోలుతో కడుగుతావా అన్నా? మా వదిన సీసాలోదాన్ని?"

అంతే. ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే మిగిలినవాళ్ళు. ఆ వారం మధ్యలో జరిగిన ఉపవాస కూడికలో నాకు వందనాలు చెప్పింది పాస్టరుగారు ఒక్కరే. కడిగితే స్టూలు దక్కుతుంది, సంఘంలో నా పక్కనున్న ఖాళీ ఇంకా పెద్దదవుతుంది. కడగకపోతే సంఘంలో ఉంటాను, వారానికి ఒక పూట. మిగిలిన పూటలన్నీ గోడలతో. మోకాళ్ళ మీద చాలాసేపు ఉన్నాను. ఏ స్వరమూ వినపడలేదు. వినపడకపోయినా లేవాలి కదా. లేచి, నేరుగా అక్క ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో ఖాళీ తట్టలు ఎండబెడుతోంది.

"అక్కా, రేపు తుపాకి అడుగు రేకు విప్పుతా. నువ్వొచ్చి కూర్చో. నీ కళ్ళ ముందరే చేస్తా. తప్పనిపిస్తే ఆడికాడికి ఆపు."

ఆమె తట్ట తిప్పుతూనే ఉంది.

మరుసటి రోజు మధ్యాహ్నం వచ్చింది. లోపలికి రాలేదు, గడప మీద కూర్చుంది. ఆమె తమ్ముడు సీసాలో పెట్రోలు తెచ్చి నా చేతికిచ్చి, "నేను తెచ్చినానని అక్కకు చెప్పాకన్నా" అన్నాడు, అక్క ముందే. "చెవులుండాయి రా నాకు" అంది అక్క.

నేల మీద పాత దుప్పటి పరిచి అడుగు రేకు విప్పాను. స్ప్రింగు తీశాను. ఎడమ పిన్ను బెజ్జంలోంచి రావడానికి ఇష్టపడలేదు, మెల్లగా చెక్క ముక్కతో తట్టి తీశాను. దాని చుట్టూ గోధుమ రంగు జిగురు, తేనె ఎండినట్టు. అరచేతిలో పెట్టుకుని అక్క దగ్గరికి పోయి చూపించాను. ఆమె గోరుతో గీకి చూసింది. వేళ్ళ మధ్య పెట్టి సాగదీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదా?"

"ఇదే అక్కా."

"మా ఇంట్లో నూనె డబ్బా మూతకి కూడా ఇట్టనే పడతాది. వేడినీళ్ళు పోసినా పోదు పీడ." గోరు కొంగుకు తుడుచుకుంది. "నేను ఇంజన్లకు పైన రాయిస్తా కానీ లోపల పొయ్యనియ్యడు వీడు. ఇందుకేనా రా?"

"ఎన్ని మాట్లు చెప్పినా నీకు" అన్నాడు తమ్ముడు.

"చెప్పినావు, నేను విన్లా." అప్పుడు లోపలికి వచ్చి దుప్పటి పక్కన కూర్చుంది. "కానీ అన్నా, కడిగిన గుడ్డ మోరీలో వెయ్యాకు. తొక్కే కాడ వెయ్యాకు."

"వెయ్యనక్కా. మట్టిలో పెడతా."

పిన్నులు, స్ప్రింగు మొన, బెజ్జాలు, అన్నీ పెట్రోలుతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి ఆరనిచ్చాను. కుట్టుమిషను నూనె డబ్బా మూత తీయబోతుంటే అక్క చెయ్యి చాపింది.

"ఇట్టా తే దాన్ని."

ఇచ్చాను. ఆ చిన్న డబ్బాను రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అక్క ప్రార్థనలు ఎప్పుడూ పొడుగు, ఇది మాత్రం చిన్నది. "తండ్రీ, ఏ నూనె యాడ పనికొస్తాదో నీకు తెలుసు, నాకు తెల్దు. ఈ అన్న కూర్చునే చోటు ఈ అన్నకు ఇయ్యి." డబ్బా నాకిచ్చేసింది. "ఇంక పోసుకో. చుక్కే పోసుకో, నా మాదిరి పొయ్యాకు."

గుండుసూది మొనతో చుక్క పెట్టాను. బిగించి ట్రిగ్గర్ నొక్కితే రెండు వైపులా టక్కుమంది. ఆమె తమ్ముడు ఈల వేశాడు. అక్క ఆ చప్పుడుకు ఉలిక్కిపడి, "ఒమ్మో, ఇంత దెబ్బ కొడతాదా ఇది?" అంది.

నెల్లూరులో ఆర్మరర్ రెండు మూడు సార్లు నొక్కి చూసి తల ఊపాడు. నిజమైన తూటాలు వేసి కూడా చూశాడు, రెండూ పేలాయి. కాగితం మీద సంతకం పెడుతూ నా చేతుల వైపు చూశాడు. తుపాకి తిరిగి తీసుకుంటున్న నా కుడి చెయ్యి సన్నగా వణుకుతోంది. నేను గమనించనే లేదు అప్పటిదాకా.

"తుపాకి పాసయింది సామీ. వచ్చే లైసెన్సు రెన్యువల్‌కి నువ్వు పాసవుతావా?"

అది ఎగతాళి కాదు. మెల్లగా అడిగాడు. నేను "దేవుని చిత్తం" అన్నాను. ఆయన "వణికే చేతికి నూనె లేదు కదా సామీ" అని కాగితం చేతికిచ్చాడు.

మళ్ళీ స్టూలు మీద కూర్చుంటున్నాను. మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. సోమవారం మనిషి నన్ను చూసి "ఏంది సామీ, ఎలక్షన్లో నిలబడినావా ఏంది, కనపడనే లేదు!" అన్నాడు. ముసలమ్మలు కాగితాలు చాపుతున్నారు. వేట మొదలైంది, బోట్లు నీళ్ళలో దిగాయి, అక్కకు తట్టల పని, తమ్ముడికి ఇంజన్ల పని. ఆ మధ్యాహ్నం తర్వాత నా గడప మళ్ళీ ఎవరూ తొక్కలేదు. తీరిక లేకే, కోపంతో కాదని నాకు తెలుసు. ఆదివారం అక్క దూరం నుంచి చెయ్యెత్తి వందనాలంటుంది, నేనూ చెయ్యెత్తుతాను. చాప మీద నా పక్కన ఖాళీ ఉంది. సాయంత్రం తలుపు తీసేది నేనే.

చెయ్యి వణుకు తగ్గలేదు. కూర్చున్నప్పుడు దాన్ని మోకాలి కింద దాచుకుంటున్నాను. లైసెన్సు గడువు తీరేదాకా ఆ చోటు నాది. ఆ తర్వాత ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియదు.

ఇంతదాకా చదివిన మీరు ఎవరో, ఏ ఊరివారో నాకు తెలియదు. ఇప్పుడు మీరున్న చోటే, ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. నాతో కలిసి ఇట్లా అడగండి: తండ్రీ, తలుపుల దగ్గర కాపలా కూర్చుని ముసలివాళ్ళవుతున్న వాళ్ళను చూడు. వాళ్ళ చేతిలో ఉన్నది దించే రోజు వస్తుంది. ఆ రోజు వాళ్ళను పేరు పెట్టి పిలిచే ఒక్క గొంతును ముందే సిద్ధం చేసి ఉంచు. మా ఇంటి పక్కనే అట్లాంటివాడు ఉంటే, ఆ గొంతుగా మమ్మల్నే చెయ్యి. ఆమెన్ అనండి. నేను ఇక్కడ అంటున్నాను.